ఎల్లి నిలిపిన కన్ను

కాలువకు నీళ్లు బంద్ చేసిన మూడోనాడు మా చిలుకల వంతెన పిట్టగోడ మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు పడింది. దాని పక్కన ఒక అంకె, అంకె కింద ఒక మాట: 'అవరోధం'. పొద్దుటి నడకకు వెళ్లి చూశాను. వేలితో తాకితే రంగు ఇంకా పచ్చిగానే ఉంది.

ఆ వంతెన గురించి ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక పుస్తకం నేను రాసినది. పుస్తకమంటే నలభై పేజీలు, నాసిరకం కాగితం. అయినా వేరొకటి లేదు కాబట్టి వంతెన విషయంలో చివరి మాట నాదేనని నమ్ముతూ వచ్చాను. పెద్దమందడి దాటాక కాలువ మా ఊరిని రెండుగా చీల్చే చోట, ఫసలీ పదమూడు వందల రెండులో, అంటే నూట ముప్పై ఏళ్ల కింద, కట్టారు దాన్ని. బండ్లు దాటడానికి అంత సొగసు అక్కరలేదు. అవతలి ఒడ్డున దొరవారి వేట బంగళా ఉండేది గనుక వచ్చిన సొగసు అది. నాలుగు మూలల నాలుగు చిన్న గుమ్మటాలు. పిట్టగోడ పొడవునా వరుసగా ఇరవై రెండు రాతి చిలుకలు. పిట్టగోడ అన్న మాటను అంత అక్షరాలా పాటించిన పనివాడు ఇంకొకడు ఉండడు. కింద మూడు కండ్లు. వంతెన కమానును మా వైపు కన్ను అంటారు. రెండు కండ్లు నిండు అర్ధచంద్రాలు. మూడోది జానెడు ఇరుకు, దాని నెత్తి కొద్దిగా కోసుగా, మొనదేలి లేచి ఉంటుంది.

ఊరి కథ ఆ మూడో కంటి చుట్టూ అల్లుకుంది. కట్టిన కన్ను రెండుసార్లు కూలిందట. మూడోసారి, అమరచింత వైపు నుంచి వచ్చిన వడ్డెర మేస్త్రీ ముత్తన్న, నిండు చూలాలైన తన కోడలు ఎల్లిని పునాదిలో నిలబెట్టి కట్టాడట. అప్పటి నుంచి ఆ కంటి కింది గూట్లో మంగళవారం మంగళవారం దీపం. ఆ దీపం పెట్టే వంతు ముత్తన్న వంశానిది. చూలాలు వంతెన ఎక్కరాదు. రెండు కోసుల దూరం చుట్టు తిరిగి, వాగు రేవులో దాటాలి.

ఈ కథకు సాక్ష్యంగా ఊరు చూపించేది కంటి నెత్తిన బిగించిన నడిమి రాయిని. దాని మీద ఒక్క వరుస రాత ఉంది. 'ముత్తన్న' అని మొదలై, నాలుగు వేళ్ల ఖాళీ తర్వాత 'ఎల్లి నిలిపిన కన్ను' అని ముగుస్తుంది. చదవడం రానివాళ్లు కూడా అందులో ఎల్లిని చూసేవారు.

నేను చూడలేదు. ముప్పై ఏడేళ్ల కింద నేను మా ఊరి బడిలో సైన్సు పంతులును. నా స్నేహితుడు, రాళ్లు కొట్టే భీమన్న, ఆ దీపం పెట్టే ఇంటివాడే. అతని చెల్లెలు అంజమ్మకు తొలి కాన్పు అడ్డం తిరిగింది. దవాఖానకు తీసుకుపోవాలి. వంతెన మీదుగా పోతే పావుగంట తొవ్వ. బండిని రేవు మీదుగా తిప్పారు. రేవు అవతలి గట్టు ఎక్కేసరికి పిల్ల లేదు, కడుపులోని పిల్లా లేదు. మూడోనాడు భీమన్న తన చేత్తోనే గూట్లో దీపం ఆర్పేశాడు. నేను నా పుస్తకం రాశాను.

పుస్తకంలో నా వాదం సూటిగా ఉంటుంది. మా పాలమూరు నోట 'వెళ్లి' అన్న మాట 'ఎల్లి' అవుతుంది. రాత చెప్పేది ముత్తన్న అక్కడికి వెళ్లి కన్ను నిలిపాడనే. నాకు ఎంతో ఇష్టమైన వాక్యం తొమ్మిదో పేజీలో ఉంది: 'ఎల్లి అనే మనిషి లేదు, ఉన్నది ఒక అసమాపక క్రియ.' మూడో కన్ను ఇరుకు కావడానికి పునాది కుంగడమే కారణమని లెక్క కట్టి చూపాను. వంతెనలో విశేషమేమీ లేదనీ, అది ఆ కాలపు సర్కారీ నమూనాకు నకలేననీ రాశాను. పన్నెండో పేజీలో ప్రయోగం ఉంది: ఊరంతా చూస్తుండగా, ఎనిమిదో నెల గర్భిణి అయిన నా భార్య యమున వంతెన మీద ఈ దరి నుంచి ఆ దరికి నిర్భయంగా నడిచింది. నెల తిరిగేలోపు మా పూజ పుట్టింది, ఏ లోపమూ లేకుండా. ఆ ఏడాది నుంచి చూలాళ్లు చుట్టు తిరగడం మానేశారు. జీవితంలో నేను చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే అదే చెప్పేవాణ్ణి.

ఇంటూ గుర్తు పడిన వారానికి వనపర్తికి పోయాను. కాలువ పనుల ఇంజనీరు శ్రవణ్ కుమార్ ముప్పై దాటని మనిషి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మీరొస్తరని తెలుసు సార్. కూసోండ్రి. చాయ్ చెప్పనా?"

బల్ల మీద నా పుస్తకం ఉంది. అసలుది కాదు, జిరాక్సు. కొన్ని వాక్యాల కింద పచ్చరంగు గీతలు.

"సార్, గుడో దర్గానో, మొక్కులు నడిచే రాయో అయితే ఊరోళ్లతోని కూసోని మాట్లాడాలె. రూలు గట్లుంది. పాత కట్టడం, కట్టినోళ్లది ఏదన్న ప్రత్యేకమైన చరిత్ర ఉన్నదంటే పురావస్తువోళ్లకు రాయాలె. ఈ రెండు గాకపోతే మిగిలేది మూడో గడి ఒక్కటే, అవరోధం." పచ్చగీతల మీద వేలు పెట్టాడు. "మొక్కులు లేవని తొమ్మిదో పేజీల ఉంది. విశేషం లేదని ముప్పయ్యో పేజీల ఉంది. నేను ఒక్క మాట గూడ కలపలే సార్. మా వంతెనల మీద గింత పక్కాగా ఎవరు రాయలే. నిజం చెప్తున్న."

మెచ్చుకుంటున్నాడు. అది వెక్కిరింపు అయి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"వంతెనను ఉంచి పక్క నుంచి కాలువ తవ్వరాదా?" అన్నాను.

"రెండు దిక్కుల ఇండ్లున్నయి సార్. పదకొండు ఇండ్లు." కాగితం తిప్పి చూపించాడు. కొత్తగా ఎత్తిపోసే నీటిలో సగం కూడా ఆ మూడు కండ్లలో పట్టదు. లెక్క నేనూ వేసి చూశాను, అతని పెన్నుతోనే. అతను వేసిన లెక్క సరిగ్గా ఉంది.

ఉగాది వెళ్లిన వారం ఒక మధ్యాహ్నం భీమన్న భార్య హన్మమ్మ మా ఇంటికి వచ్చింది. అతను పోయి రెండేళ్లు. డెబ్బై దగ్గర పడ్డా ఆమె నడుము వంగలేదు. గడప లోపలికి రాదు. అరుగు మీదే కూర్చుంటుంది, అరుగు తనదైనట్టు.

"సారూ, ఒక్క మాట చెప్తవా?"

"ఎవరికి?"

"గా ఇంజనీరు పిలగానికి. ఎల్లి గక్కడ ఉన్నదని. గంతే."

"లేదని నేనే రాశాను కదా హన్మమ్మా."

"రాసినవు. ఎవలు గాదన్నరు? లేదని ముప్పై యేండ్లు చెప్పినవు. ఉన్నదని ఒక్క దినం చెప్తే నోరు అరుగుతదా?"

లోపల వంటగదిలో యమున నవ్వడం వినిపించింది.

"అది అబద్ధం," అన్నాను.

"నీకు అబద్ధం. నాకు గాదు గదా? నా మాటనే చెప్పు."

"నీ మాట నువ్వే చెప్పవచ్చు కదా. ఎల్లుండి సభ పెడుతున్నారు."

"నా మాట కాయితం మీదికి ఎక్కదు సారూ. నీది ఎక్కి కూసున్నది. దిగుత లేదు."

నేను ఊరుకోవలసింది. వాదనలో ఓడిపోబోతున్నవాడు చేసే పని చేశాను. "అంజమ్మను మరిచిపోయావా?" అన్నాను.

"మా ఆడిబిడ్డ. నా ఒడిలనే పాణం ఇడిసింది. నేను మరుస్తనా? నువ్వు యాది చెయ్యాల్నా?" కొంగు సర్దుకుంది. "దాన్ని ఎల్లి సంపలేదు సారూ. చుట్టు తిరిగిన తొవ్వ సంపింది. నా మీదికెల్లి పోకుండ్రని ఎల్లి ఎన్నడన్న అన్నదా? గది మనుషులు పెట్టిన మాట. మీరు మనుషుల మాట తీసేస్తమని ఆమె దీపం తీసిండ్రు. సరే, మా పెనిమిటి గూడ సరే అన్నడు, నేను గూడ నోరు ఎత్తలే. ఇప్పుడు జేసీబీ పెట్టి ఆమె ఎముకలు పెకిలిస్తరు. సూసుకుంట కూసోమంటవా?"

నా వద్ద జవాబు ఉంది: ఎముకలు లేవు. ఆ జవాబు సరైనదే. దాన్ని ఆమె ముఖం మీద చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆమె మంచినీళ్లు తాగి, చెంబు అరుగు మీద బోర్లించి వెళ్లిపోయింది.

యమున చాయ్ తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆమె కూడా పంతులమ్మే. చెప్పవలసింది ముందే వరుస పెట్టుకుని మాట్లాడుతుంది.

"మీకొక మాట చెప్పాలె. పూజ కడుపుల ఉన్నప్పుడు నేను వంతెన మీద నడిసిన గదా."

"పన్నెండో పేజీ," అన్నాను.

"ఆఁ, పన్నెండో పేజీ. దాని ముందురోజు హన్మమ్మను తోడు తీసుకొని కిందికి దిగిన. గూట్ల గాజులు పెట్టి, బిడ్డ మంచిగ పుడితే సాలు తల్లీ అని మొక్కుకున్న."

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు అడిగిండ్రా?"

"మొక్కినంత మాత్రాన ఫలితం మారదు."

"ఫలితం గురించి నేనేమన్న అన్ననా? నిర్భయంగ నడిసింది అని రాసిండ్రు. నడిసిన మాట నిజమే." గ్లాసు నా వైపు జరిపింది. "తాగుండ్రి, సల్లారుతది."

ముప్పై ఏడేళ్లకు పైగా ఒకే కంచంలో తిన్న మనిషి భయపడిందని నాకు తెలియదు. ఆ సాయంత్రం మేమిద్దరం మామూలుగానే కూరగాయలు తరుక్కున్నాం.

సభ బడి రేకుల షెడ్డు కింద జరిగింది. శ్రవణ్ కుమార్ పటం గోడకు తగిలించి, ఎవరికి ఎంత నీరు వస్తుందో చెప్పాడు. కాలువ చివరి భూముల రైతులు ముందు వరుసలో కూర్చున్నారు. వాళ్లలో రాజన్న లేచి నాకు దండం పెట్టాడు.

"సారూ, నువ్వు నాకు సదువు చెప్పినోనివి. చిలుకలు మస్తుగుంటయి, నేను గాదంటలేను. ఇరవై యేండ్ల సంది నా చేనుకు కాలువ నీళ్లు తడి అంటలే. మా దిక్కు చిలుక వాలాలన్నా గింజ ఉండాలె గదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను చెప్పినదాంట్లో పొల్లు మాట లేదు.

తర్వాత ఇంజనీరు కాగితం తీశాడు. "శాంతయ్య సార్, మీ తోని రెండు మూడు మాటలు రాసుకోవాలె. వంతెన కాడ పూజలు గిట్ల నడుస్తున్నయా?"

వెనక వరుసలో ఆడవాళ్ల మధ్య హన్మమ్మ లేచి నిలబడింది. నిలబడి ఉంది, అంతే.

"ముప్పై ఏడేళ్లుగా లేవు," అన్నాను.

"సమాధి, ఎముకలు, అట్లాంటిదేమన్న ఉన్నట్టు ఆధారం?"

"లేదు."

"కట్టినోళ్లకు సంబంధించి ప్రత్యేకమైన చరిత్ర?"

"నాకు తెలిసినంతలో లేదు."

సంతకం పెట్టేటప్పుడు చదివాను. నా మూడో జవాబు 'లేదు' అని మాత్రమే ఉంది. 'నాకు తెలిసినంతలో' అన్నది పడిపోయింది. గడి చిన్నది. నేను చెప్పి రాయించుకోవచ్చు. తల ఎత్తితే ముందు వరుస అంతా నా చేతిలోని పెన్ను వైపు చూస్తోంది. సంతకం పెట్టాను.

వంతెనను వైశాఖంలో పడగొట్టారు. మొదట చిలుకలను తీశారు. అడిగినవాళ్లకు ఒక్కొక్కటి ఇచ్చారు. కొన్ని ఇండ్ల ముందు ఇప్పటికీ ఉన్నాయి, పచ్చరంగు పూయించుకుని. రెండు కండ్లు ఒక్క పూటలో నేలకు వచ్చాయి. మూడో కన్ను ఆ పూట రాలేదు, మరునాడూ రాలేదు. జేసీబీ నడిపే విజయ్ కిందికి దిగి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం తినబెట్టి కట్టిండ్రు సారూ దీన్ని? నా బండికి పండ్లు ఊడుతున్నయి!"

మూడోనాటి మధ్యాహ్నం అది కూలింది. సాయంత్రానికి పునాది తెరుచుకుంది. హన్మమ్మ గట్టు మీద ఉంది, చేతిలో పసుపు, కుంకుమ, డజను గాజుల పొట్లంతో. ఎముకలు కనబడితే పొట్లం అక్కడ పెట్టి, మూటగట్టి తీసుకుపోవాలని వచ్చింది. పునాదిలో నల్లమట్టి ఉంది, ఇసుక ఉంది, తుప్పు పట్టిన ఒక ఇనుప చీల ఉంది. విజయ్ ఆమె కోసం మరో రెండు బకెట్ల లోతు తవ్వాడు. ఏమీ లేదు. నేను రాసింది నిజమని ఋజువైంది. జీవితంలో ఒక ఋజువు ముందు తలదించుకుని నిలబడడం అదే మొదటిసారి.

ఆమె ఏడవలేదు. కిందికి దిగి, కుప్ప పోసిన రాళ్ల మధ్య తిరగడం మొదలుపెట్టింది. నడుముకు చెక్కుకున్న భీమన్న ఉలి తీసి, దాని మొద్దు కొసతో ఒక్కో రాయినీ తడుతూ పోయింది. రాళ్లు కొట్టేవాళ్లు రాయిని చూడరు, వింటారు. కంటి నడిమి రాయి దగ్గర ఆగి రెండుసార్లు తట్టింది. పక్కకు జరిగి మళ్లీ తట్టింది.

"సారూ, గిక్కడ రాయి పలుకుత లేదు."

"అది రెండు మాటల మధ్య ఖాళీ," అన్నాను.

"ఖాళీ గాదు, గచ్చు. ఎవలో మెత్తిండ్రు. గింత పల్సగ, రాయి రంగు కలిపి మెత్తిండ్రు." నా వైపు చూడకుండానే అంది: "ఇన్నేండ్లు సదివితివి. ఒక్కనాడన్న తట్టి సూడకపోతివి?"

ముప్పై ఏడేళ్లలో నేను ఆ రాతను కొలిచాను, సిరా అద్ది కాగితం మీదికి ఎక్కించాను, ఫోటో తీయించాను. రాళ్లతో బతికిన భీమన్న నా పక్కనే కూర్చుని నా పుస్తకం చదివించుకుని విన్నాడు. ఇది కాస్త తట్టి చూడు అని అతన్ని అడగాలని నాకు ఒక్కసారీ తోచలేదు.

ఆమె ఉలి తిప్పి పట్టి, పక్కనున్న రాతి ముక్కతో చిన్నచిన్న దెబ్బలు వేసింది. గచ్చు చిప్పలు చిప్పలుగా లేచింది. కింద మూడు అక్షరాలు, నిన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి.

"సదువు," అంది హన్మమ్మ.

ఒకసారి లోపల చదువుకుని, పైకి చదివాను. "ముత్తన్న కోడలు ఎల్లి నిలిపిన కన్ను."

"అంటే?"

"ముత్తన్న కాదు కట్టింది. ఆయన కోడలు. ఈ కన్ను ఎల్లి కట్టింది."

చెబుతుంటే నాకే మిగతాది అర్థమవుతూ వచ్చింది. రెండుసార్లు కూలిన కమానును మూడోసారి నిలపడానికి బలి అక్కరలేదు. వెడల్పు జానెడు తగ్గించి, నెత్తిని కాస్త కోసుగా లేపితే, పక్కలకు తోసే బరువు తగ్గుతుంది. ఆ పాఠాన్ని నేనే ఏటేటా నల్లబల్ల మీద గీసి చెప్పాను. ఆ ఇరుకును కుంగుదల అని రాసినవాణ్ణీ నేనే. ఊరు ఆమెను చంపి పూజించింది. నేను అసలు ఆమె పుట్టనే లేదన్నాను. ఆ గచ్చును మరమ్మతులో పూశారో, కావాలనే పూశారో ఇక ఎవరూ చెప్పలేరు.

శ్రవణ్ కుమార్ వచ్చి వంగి చూశాడు. ఫోన్‌తో మూడు ఫోటోలు తీశాడు. "నెల ముంగట దొరికుంటే సార్..." అని ఆగిపోయాడు. మంచి పిల్లవాడు. ఆ వాక్యాన్ని పూర్తి చేయలేదు.

హన్మమ్మ రాయి పక్కన గొంతుక్కూర్చుంది. "అంటే ఎల్లి గక్కడ సావలేదా?"

"లేదు."

"కట్టింది."

"కట్టింది."

"మరి యాడ సచ్చింది? బిడ్డ పుట్టిందా? బతికిందా?"

"తెల్వదు హన్మమ్మా," అన్నాను. ఆ మాట నా నోట ఆ రూపంలో రావడం నేనే విన్నాను.

ఆమె గాజుల పొట్లాన్ని ఒళ్లో అటూ ఇటూ తిప్పింది. "సచ్చిందనుకొని తెస్తి. ఇగ ఇవి ఎవలికి పెట్టాలె?" అంది. నన్ను అడిగిందో, రాయిని అడిగిందో. తర్వాత పొట్లం కొంగున ముడి వేసుకుంది. రాయి ఇప్పుడు ఆమె ఇంటి వెనక ఉంది. పసుపు లేదు, కుంకుమ లేదు. ఒక్క పని మాత్రం చేస్తుంది: రోజూ పొద్దున నీళ్లు చల్లి ఆ రాత మీది దుమ్ము కడుగుతుంది.

మృగశిర దాటాక కాలువకు నీళ్లు వదిలారు. కొత్త వంతెన నాలుగు పలకల కాంక్రీటు పెట్టె. నీరు దాని కింద ఎక్కడా తగలకుండా, చప్పుడు లేకుండా పోతుంది. రాజన్న నీటి ముందు నడుస్తూ తన చేను దాకా పోయాడని చెప్పారు. నేను చూస్తుండగానే ఒక నిండు చూలాలు మొగుడి బండి వెనక కూర్చుని వంతెన దాటింది. పక్కకైనా చూడలేదు. నేను కోరుకున్నది సరిగ్గా అదే.

ఇంట్లో ఇంకా రెండు వందల పై చిలుకు పుస్తకాలు మిగిలి ఉన్నాయి. వాటిలో అతికించడానికి తప్పొప్పుల పట్టిక ఒకటి తయారు చేశాను. తొమ్మిదో పేజీ: 'ఎల్లి అనే మనిషి లేదు, ఉన్నది ఒక అసమాపక క్రియ' అన్నది తప్పు. ఎల్లి ఆ వాక్యానికి కర్త. ముప్పయ్యో పేజీ: 'విశేషమేమీ లేదు' అన్నది తప్పు.

యమున వెనక నిలబడి చదివింది. "పన్నెండో పేజీ?"

"అది అవసరమా?"

"మీ ఇష్టం," అంది. కానీ కదలలేదు.

రాశాను. 'నిర్భయంగా' అన్నది తప్పు. 'భయపడుతూనే' అన్నది ఒప్పు.

కింద మరో వరుసకు చోటు ఉంది. తప్పు గడిలో, ఊరు నమ్మిన మాటగా, 'ఎల్లి ఈ వంతెన కింద చనిపోయింది' అని రాశాను. ఒప్పు గడి దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మరునాడు పట్టికకు జిరాక్సులు తీయించుకొచ్చాక, యమున జిగురు కలిపి తెచ్చింది. ఇద్దరం కూర్చుని, ఆ గడి ఖాళీగానే ఉన్న పట్టికలను ఒక్కొక్కటే అతికించాం.